కొనడానికి ఉంటుంది, నడపడానికి ఉండదు

మా మేనల్లుడు హైదరాబాద్ బాలానగర్‌లో చిన్న మెషీన్ షాపు నడుపుతాడు. రెండు సీఎన్‌సీలు, ఒక పాత లేతు, పది మంది లోపు పనివాళ్లు. రక్షణ రంగ సంస్థలకు కావలసిన లోహపు ముక్కలు డ్రాయింగ్ ప్రకారం కోసి ఇస్తాడు. 2025 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగం అవుతూనే విశాఖలో ఉన్న నాకు ఫోన్ చేశాడు.

"మావయ్యా, చూశావా? రక్షణకి ఆరు లక్షల ఎనభై ఒక్క వేల కోట్లు! ఇంకేం, మాకు ఆర్డర్లే ఆర్డర్లు."

"ఏ హెడ్ కింద పడిందో చూశావట్రా?" అన్నాను.

"నీకు అన్నిట్లోనూ ముందు హెడ్డే కనపడుతుంది" అని విసుక్కుని పెట్టేశాడు.

కనపడుతుంది మరి. నేను రక్షణ ఖాతాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా లోకంలో సైన్యానికి ట్యాంకులూ తుపాకులూ ఉండవు, నాలుగంకెల ఖాతా సంఖ్యలుంటాయి, వాటినే హెడ్లంటాం. 2076 అంటే ఆర్మీ రోజువారీ ఖర్చు. 2077 నేవీది, 2078 ఎయిర్‌ఫోర్స్‌ది. 4076 అంటే కొత్త విమానాలు, కొత్త ఓడలు, కొత్త ఫిరంగులు. టీవీలో యుద్ధ విమానం బొమ్మ పక్కన కనిపించే మొత్తాన్ని ఈ సంఖ్యల్లోకి విడగొట్టి చూస్తే తప్ప సైన్యం చేతికి ఏం దక్కిందో తెలియదు.

2024-25 లెక్క చూద్దాం. ఆ ఏడాది పూర్తి వివరాలు చేతిలో ఉన్నాయి కనుక. మొత్తం 6.21 లక్షల కోట్ల పైచిలుకు. అందులో పెన్షన్లు 1.41 లక్షల కోట్లు. కొత్త కొనుగోళ్లు, నిర్మాణాల పెట్టుబడి పద్దు 1.72 లక్షల కోట్లు. జీతభత్యాలది అన్నిటికన్నా పెద్ద వాటా. ఇవన్నీ పోగా ఉన్న బలగాన్ని నడపడానికి, సన్నద్ధంగా ఉంచడానికి కేటాయించామని ప్రభుత్వం చెప్పింది 92,088 కోట్లు. ఇంధనం ఇందులోదే. సియాచిన్‌లో జవాను తినే డబ్బా భోజనం, రైలు చార్జీలు, మందుగుండు, ఓడల మరమ్మతులు, విమానాల స్పేర్లు, అన్నీ ఇందులోంచే. అంతకు ముందు ఏళ్లతో పోలిస్తే ఆ మొత్తం బాగా పెరిగిందని ప్రభుత్వం చెప్పుకుంది. పెరిగిన మాట నిజం. కానీ ఆ పద్దుకున్న అసలు జబ్బు మొత్తంలో లేదు, దాని వరసలో ఉంది.

డిసెంబరులో సవరించిన అంచనాలు వేసేటప్పుడు ఢిల్లీ నుంచి కోత మాట వస్తుంది. దేన్ని కోయాలి? జీతం ఆపలేరు, పెన్షన్ ఆపలేరు. పాత ఒప్పందాల కిస్తీలు ఆపితే విదేశీ కంపెనీ వడ్డీ అడుగుతుంది, జరిమానా అడుగుతుంది. ఇక చేతికి అందేవి స్టోర్లు, మరమ్మతులు. ఈ ఏడు కొనాల్సిన పంపును వచ్చే ఏడు కొందామంటే ఏ పత్రికా రాయదు, పార్లమెంటులో ఎవరూ లేవరు. ఓడ రేవులోనే ఉంటుంది, చూసేవాళ్లకు ఓడలాగే కనిపిస్తుంది.

పెట్టుబడి పద్దు పరిస్థితీ గొప్పగా ఉండదు. 2018లో ఆర్మీ వైస్ చీఫ్ లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ముందు కుండబద్దలు కొట్టారు. ఆ ఏడాది ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే సంతకాలైపోయిన పథకాలకు కట్టాల్సింది 29,033 కోట్లు. అంటే కొత్తది ఒక్కటి కొనకముందే ఏడు వేల కోట్ల పైన లోటు. సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతకాలపుదని కూడా ఆయనే చెప్పారు. పాత సామగ్రి అంటే కొత్తదానికంటే ఎక్కువ స్పేర్లు అడిగే సామగ్రి అని అర్థం. కొత్తది కొనలేకపోతే పాతదాని పోషణ పద్దు పెరగాలి కదా? అదీ కోతకే గురవుతుంది. రెండు వైపులా దెబ్బ.

డాక్‌యార్డు వైపు పనిచేసిన రోజుల్లో నేను నేర్చుకున్న మాట "రాబరీ". ఒక ఓడ రీఫిట్‌లో, అంటే పెద్ద మరమ్మతులో ఉంటుంది. ఇంకో ఓడ ఎల్లుండి బయల్దేరాలి, దాని పంపు చెడింది, స్టోర్‌లో మరొకటి లేదు. రీఫిట్‌లో ఉన్న ఓడలోంచి పంపు విప్పుతారు, బయల్దేరే ఓడకు బిగిస్తారు. ఇందులో దొంగతనం ఏమీ లేదు. దీనికొక ఫారం ఉంది, ఒక సంతకం ఉంది, పైనుంచి అనుమతి ఉంది. ఓడ టైముకి కదులుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. తర్వాత సంగతి ఏమిటి? ఒకసారి చేయాల్సిన పని రెండుసార్లు చేశారు. విప్పినప్పుడు పోయిన గాస్కెట్లు మళ్లీ కొనాలి. పంపు ఇచ్చిన ఓడ రీఫిట్ గడువు జరుగుతుంది, డ్రై డాక్ ఖాళీ కాదు, దాని కోసం కాచుకున్న మూడో ఓడ ఇంకా ఆగుతుంది. ఇంత నష్టానికి మా పుస్తకాల్లో ఒక్క రూపాయి పద్దు పడదు. రాబరీకి ఖాతా లేదు. ఖాతా లేనిదానికి ఢిల్లీలో ఎవరూ జవాబు చెప్పరు.

పంపు ఎందుకు లేదు అని అడుగుతారు. ఓ ఆఫీసులో నా కళ్ల ముందు తిరిగిన ఫైలు చెబుతాను. సోవియట్ కాలపు యంత్రానికి కావలసిన సీళ్లు. సోవియట్ యూనియన్ విడిపోయాక వాటిని చేసే ఫ్యాక్టరీ ఒక్కటే మిగిలింది. వాళ్లు చెప్పిన ధర గతంలో కొన్న ధరకు కొన్ని రెట్లుంది. ఆర్థిక విభాగం అడిగింది: ఇంత ఎందుకు పెరిగింది, సమర్థన ఏది? స్టోర్ వాళ్లు రాశారు: వేరే గతి లేదు. మళ్లీ అడిగారు: వేరే గతి లేదనడానికి ఆధారమేది? ఆధారం తెప్పించే లోపు కొటేషన్ గడువు దాటింది. కొత్త కొటేషన్‌లో ధర ఇంకా పెరిగింది, ఫైలు మళ్లీ మొదటికొచ్చింది. ఆ ఫైలు మీద ప్రతి అభ్యంతరమూ నిబంధన ప్రకారం సరైనదే. రాసిన ప్రతి ఒక్కరూ నిజాయతీపరులే. సీళ్లు మాత్రం రాలేదు. ప్రజల సొమ్ముకు కాపలా కాసేవాడికి ధర పెరిగితే కనిపిస్తుంది. ఓడ రేవులో కట్టేసి ఉంటే రోజుకు ఎంత పోతోందో కనిపించదు, ఎందుకంటే ఆ రెండో అంకె ఫైలులో ఎవరూ వేయరు.

ఆ రెండో అంకె ఎంత పెద్దదో సుఖోయ్‌ల లెక్కతో చెప్పొచ్చు. మన ఎయిర్‌ఫోర్స్ దగ్గర సుఖోయ్-30 విమానాలు సుమారు 260 ఉన్నాయి. 2014-15 ప్రాంతంలో వీటిలో ఏ రోజైనా ఎగరగలిగే స్థితిలో ఉన్నవి సగానికి అటూ ఇటూగా ఉండేవి. అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ ఆ సంగతి దాచలేదు. స్పేర్ల కొరత మీద పడ్డారు, శాతం పెరిగింది. సరే, ఎగరగలిగేవి ఒక 15 శాతం పెరిగాయనుకోండి. 260లో 15 శాతం 39 విమానాలు. రెండు స్క్వాడ్రన్లకు పైనే. 2024 డిసెంబరులో 12 కొత్త సుఖోయ్‌లకు హెచ్‌ఏఎల్‌తో ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం 13,500 కోట్లు. ఒక్కోటి 1,125 కోట్లు పడింది. ఆ లెక్కన 39 విమానాలు కొత్తగా కొనాలంటే దాదాపు 44 వేల కోట్లు, ఆపైన ఏళ్ల తరబడి నిరీక్షణ. హ్యాంగర్లో ఉన్నవాటికి టైర్లు, హైడ్రాలిక్ భాగాలు, ఏవియానిక్స్ బాక్సులు సమయానికి తెప్పించి, ఇంజన్ల ఓవర్‌హాల్ వేగం పెంచితే అందులో చిన్న భాగంతో అదే బలం చేతికొస్తుంది. దానికి పైలట్లు ఉన్నారు, రన్‌వేలున్నాయి, ఆయుధాలున్నాయి.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక మన యుద్ధ విమాన స్క్వాడ్రన్లు 29కి దిగాయి. మంజూరైనవి 42. ఈ అంకెలు చూపించి కొత్త విమానాలు కావాలంటున్నవాళ్లతో నాకు పేచీ లేదు, కావాలి. తేజస్ మార్క్-1ఏల కోసం 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు ఒప్పందం చేసుకుంటే అమెరికా నుంచి ఇంజన్లు రావడం ఆలస్యమై గడువు దాటిపోయింది. అక్కడ సమస్య డబ్బుది కాదు కనుక దాన్ని ఇక్కడ వదిలేస్తాను. నేననేది, 29 అని మనం లెక్కపెడుతున్న స్క్వాడ్రన్లలో ఉదయం లేచి ఎగరగలిగేవి ఎన్ని అన్నది వేరే లెక్క అని.

మనకు చేతకాక కాదు. 2016 సెప్టెంబరులో 36 రఫేల్‌లకు సంతకం చేసినప్పుడు, ఎప్పుడు చూసినా విమానాల్లో 75 శాతం ఎగరగలిగే స్థితిలో ఉండేలా ఐదేళ్లపాటు కంపెనీయే చూడాలన్న షరతు ఆ ఒప్పందంలోనే పెట్టారు. స్పేరు ఉందా లేదా అన్న బెంగ అమ్మినవాడిది. విమానం ధర మీద రాజకీయంగా జరిగిన రచ్చలో ఈ షరతును ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో ఆ ఒప్పందంలో అన్నిటికన్నా తెలివైన పేజీ అదే.

దానికి పూర్తిగా తిరగబడ్డ ఉదాహరణ మిగ్-29కే. మన విమానవాహక నౌకల కోసం రష్యా నుంచి కొన్నవి 45. 2016లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం వీటిలో ఒక్క సీటు రకం అందుబాటు 15.93 శాతం నుంచి 37.63 శాతం మధ్య ఊగిసలాడింది. పదింటిలో నాలుగు కూడా కాదు. ఇంజన్ల లోపాలు, విడిభాగాల ఇబ్బంది, అన్నీ అందులో ఉన్నాయి. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో 20 వేల కోట్ల ఖర్చుతో కొచ్చిలో కట్టిన విమానవాహక నౌక విక్రాంత్ నౌకాదళంలో చేరింది. దాని కోసం 26 రఫేల్-ఎంలకు సంతకం పడింది 2025 ఏప్రిల్లో, సుమారు 63 వేల కోట్లకు. అవి అన్నీ చేరేసరికి ఈ దశాబ్దం గడిచిపోతుంది.

విశాఖవాళ్లకు విమానాల కంటే ఓడల కథ దగ్గర. సింధుకీర్తి అనే జలాంతర్గామి 2006లో రీఫిట్‌కు హిందుస్థాన్ షిప్‌యార్డులోకి వెళ్లింది. అనుకున్నది మూడేళ్లు. బయటికొచ్చింది 2015లో. ఆ మధ్యలో షిప్‌యార్డు నౌకా రవాణా శాఖ నుంచి రక్షణ శాఖ చేతికి మారింది కూడా. తొమ్మిదేళ్లపాటు మన నౌకాదళం జాబితాలో ఆ జలాంతర్గామి ఉంది, సముద్రంలో లేదు. యార్డును ఒక్కదాన్నే తిట్టి ప్రయోజనం లేదు. ఆ రకం పని వాళ్లకది తొలిసారి, సామగ్రి అంతా రష్యా నుంచి రావాలి. అనుభవం గట్టిపడ్డాక అదే యార్డు సింధువీర్‌ను చాలా తక్కువ కాలంలో ఒడ్డుకు చేర్చింది. ఆ పడవే తర్వాత 2020లో మయన్మార్‌కు వెళ్లింది.

రీఫిట్ ఆలస్యాలకు సాధారణంగా ఒక పెద్ద కారణం బయటివాళ్లకు తట్టదు. ఓడను విప్పితే గాని లోపల ఎంత తుప్పు పట్టిందో తెలియదు. ఒప్పందంలో రాసిన పని పది టన్నుల ప్లేటు మార్చడం అయితే, విప్పాక పదిహేను టన్నులు అని తేలుతుంది. పెరిగిన ఐదు టన్నులకు మళ్లీ ఫైలు, మళ్లీ ధర బేరం, మళ్లీ మంజూరు. ఆ నెలలన్నీ ఓడ పొట్ట విప్పుకుని డాక్‌లో పడుంటుంది. 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రక్షణ కొనుగోళ్ల మాన్యువల్‌లో ఇలా పెరిగే పనికి ముందే 15 శాతం కేటాయింపు పెట్టుకోవచ్చన్నారు. చూడ్డానికి చిన్న గుమాస్తా సవరణ. నాకు మాత్రం ఒక కొత్త యుద్ధనౌక ప్రకటన కంటే ఈ వార్త ఎక్కువ సంతోషం ఇచ్చింది. మా ఇంట్లోవాళ్లు నవ్వారు.

ఇక్కడ ఒక మాట. ఈ జబ్బు మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. 2017 చివర్లో జర్మనీ దగ్గరున్న ఆరు జలాంతర్గాములూ ఒకే సమయంలో పనికిరాకుండా రేవులో ఉన్నాయి. స్పేర్ల నిల్వ దండగని ఖర్చు తగ్గించుకున్న ఫలితం. కాకపోతే చైనా వైపు మనకున్నలాంటి ఎల్‌ఏసీ జర్మనీకి లేదు.

మనకు మాత్రమే ప్రత్యేకమైన జబ్బు ఇంకొకటి ఉంది: కుంభకోణం ఆరోపణ రాగానే కంపెనీని నిషేధించి, దానితోపాటు మన ఆయుధాన్ని కూడా శిక్షించడం. 1986లో 410 బోఫోర్స్ ఫిరంగులు కొన్నాం. ముడుపుల గొడవ తర్వాత ఆ కంపెనీతో తెగతెంపులు. స్పేర్లు రాక కొన్ని ఫిరంగులను విప్పి మిగతావాటిని బతికించుకున్నారు. ఇదీ రాబరీయే, కొండ మీద. 1999లో కార్గిల్ యుద్ధంలో ద్రాస్ ఎత్తుల మీద శత్రువు బంకర్లను బద్దలు కొట్టింది ఆ ఫిరంగులే. ఆ తరగతి ఫిరంగిని ఇక్కడే చేసుకోవడానికి కావలసిన సాంకేతిక పత్రాలు మొదటి ఒప్పందంతోనే మన చేతికి వచ్చాయి. అవి బీరువాల్లో రెండు దశాబ్దాలకు పైగా ఉండి, ఆ తర్వాతే జబల్పూర్‌లో ధనుష్‌గా రూపం దాల్చాయి. కొత్తగా పెద్ద ఫిరంగి ఒప్పందం, 145 ఎం-777లకు, 2016 నవంబరు దాకా కుదరలేదు. లంచం తిన్నవాణ్ణి పట్టుకోవాలి, జైల్లో వేయాలి. కంపెనీ మీద జరిమానా వేయండి, ఆస్తులు జప్తు చేయండి. స్పేర్ల సరఫరా ఆపమంటే ఆ శిక్ష పడేది తుపాకీ దగ్గరున్న జవానుకి.

స్కార్పీన్ల కథ మరీ విడ్డూరం. 2005లో ఆరు జలాంతర్గాములకు ఒప్పందం. వాటికి కావలసిన టార్పెడోలు ఇటలీ కంపెనీ నుంచి కొనాలనుకున్నారు. వీవీఐపీ హెలికాప్టర్ల ముడుపుల కేసులో ఆ కంపెనీ మాతృసంస్థ పేరు రావడంతో ఆ కొనుగోలు ఆగిపోయింది. 2017 డిసెంబరులో వాటిలో మొదటిది కల్వరి నౌకాదళంలో చేరింది, దానికోసం ఉద్దేశించిన కొత్త టార్పెడో లేకుండా. పాత తరం టార్పెడోలతో సర్దుకున్నారు. ఆరోది వాగ్షీర్ చేరింది 2025 జనవరిలో. అంతకు పక్షం రోజుల ముందు, 2024 డిసెంబరు 30న, డీఆర్‌డీఓ రూపొందిస్తున్న టార్పెడోను వీటికి అమర్చడానికి ఫ్రెంచ్ కంపెనీతో 877 కోట్ల ఒప్పందం కుదిరింది. ఏనుగును కొని అంకుశానికి బేరమాడటం అంటే ఇదే. విశాఖ ఎన్‌ఎస్‌టీఎల్‌లో రూపుదిద్దుకుని బీడీఎల్ తయారుచేస్తున్న వరుణాస్త్ర టార్పెడో ఉంది కదా అంటారు కొందరు. అది ఓడల మీంచి వదిలేది. జలాంతర్గామి గొట్టంలోంచి వదలాలంటే దాని సంగతి వేరు.

మందుగుండు మీద కాగ్ 2017లో రాసింది ఇప్పటికీ చదవదగ్గది. తీవ్రమైన యుద్ధానికి 40 రోజుల నిల్వ ఉండాలన్నది లక్ష్యం. 2016 సెప్టెంబరు నాటికి పరిశీలించిన 152 రకాల్లో 61 రకాలు పది రోజులకు కూడా చాలవు. ఫిరంగి గుండ్లు ఉన్నా వాటి ముక్కుకు బిగించే ఫ్యూజులు తక్కువ. ఫ్యూజు లేని గుండు ఇనుప ముద్ద. ఉరీ దాడి తర్వాత 2017లో 46 రకాల మందుగుండును నేరుగా కొనే అధికారం వైస్ చీఫ్‌కు ఇచ్చి పరిస్థితి మెరుగుపరిచారు. బాలాకోట్, గల్వాన్, ఆపరేషన్ సిందూర్, ప్రతిసారీ ఇదే వరస. ఉద్రిక్తత వస్తుంది, అత్యవసర కొనుగోలు అధికారాలు వస్తాయి, నెలల్లో ఫైళ్లు కదులుతాయి. అంటే త్వరగా కొనడం మనకు వచ్చు. కాకపోతే అవతలివాడు మన అవసరం తెలిసి ధర చెప్పే రోజునే త్వరపడతాం.

మళ్లీ మా మేనల్లుడి దగ్గరికి వస్తాను. వాడి బాధ ఢిల్లీ వైపు నుంచి కనిపించనిది. ఒక విడిభాగానికి నలభై పీసుల ఆర్డరు వస్తుంది. ఫిక్స్చర్ చేసుకుంటాడు, మెటీరియల్ తెప్పిస్తాడు, తనిఖీలో మొదట కొన్ని తిరిగొస్తాయి, పని చేతికి అలవాటయ్యేసరికి ఆర్డరు అయిపోతుంది. తర్వాత మూడేళ్లు మాటాపలుకూ ఉండదు. ఆ పని తెలిసిన కుర్రాడు పటాన్‌చెరులో ఏ మందుల కంపెనీకో వెళ్లిపోతాడు. మూడేళ్లకు ఫోను: అదే ముక్క, అరవై కావాలి, ఆరు వారాల్లో. "మావయ్యా, ఏడాదికి ఇరవై చొప్పున ఐదేళ్లు ఇస్తామంటే సగం ధరకి చేసిస్తాను" అంటాడు. సగానికి చేస్తాడని నేను నమ్మను, వ్యాపారి మాట కదా. తక్కువకు చేస్తాడన్నది మాత్రం నిజం. బాలానగర్, చర్లపల్లి, విశాఖ ఆటోనగర్‌లలో ఇలాంటి షాపులు ఎన్నో ఉన్నాయి. మిసైల్ అంటే కంచన్‌బాగ్ గుర్తొస్తుంది, సైనికుల్ని మోసే బీఎంపీ బండి అంటే మెదక్ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది, వాటి లోపల ముక్కలు చేసేది ఇలాంటి షెడ్లలో. ఐదేళ్ల వరకు హామీ ఆర్డర్లు ఇవ్వొచ్చని కొత్త మాన్యువల్ ఒప్పుకుంది. అయితే హామీ ఇవ్వాలంటే ఏటా ఆ పద్దులో డబ్బుంటుందన్న ధైర్యం సంతకం పెట్టే అధికారికి ఉండాలి. డిసెంబరు కోత సంగతి తెలిసిన అధికారి ఎందుకు పెడతాడు?

మార్చి 31తో డబ్బు మురిగిపోవడమే అసలు రోగమని, మురిగిపోని ప్రత్యేక నిధి పెడితే తీరిపోతుందని చాలామంది రిటైర్డ్ జనరల్స్ రాస్తారు. 2004లో అప్పటి ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ తాత్కాలిక బడ్జెట్లో 25 వేల కోట్లతో అలాంటి నిధి ప్రకటించారు. ఎన్.కె. సింగ్ అధ్యక్షతన 15వ ఆర్థిక సంఘం 2021-26కు 2.38 లక్షల కోట్ల నిధి సూచించింది. రెండూ కాగితం దాటలేదు. నాకు ఆ నిధి మీద పెద్ద ఆశ లేదు. 2024-25లో 1.72 లక్షల కోట్ల పెట్టుబడి పద్దును సవరించేటప్పుడు 1.59 లక్షల కోట్లకు తగ్గించారు. పన్నెండు వేల కోట్ల పైన వాడలేదన్నమాట. అదే ఏడాది రక్షణ శాఖ 193 ఒప్పందాలపై 2.09 లక్షల కోట్లకు సంతకాలు చేసింది, అదొక రికార్డు. చెల్లింపులు వెనకబడి సంతకాలు ముందుకు పరిగెత్తితే రాబోయే ఏళ్లలో కిస్తీల బరువు ఎవరి మీద పడుతుంది? 2018లో శరత్ చంద్ చెప్పిన లెక్క మళ్లీ చెప్పాల్సి వస్తుంది. మురిగిపోని నిధి ఉన్నా అది కొత్త కొనుగోళ్లకే, సీళ్లకు కాదు.

నేనైతే రెండు మార్పులు అడుగుతాను. మొదటిది, ఏ కొత్త ఆయుధం కొనుగోలు ఫైలయినా దాని ధర పక్కనే రాబోయే పదిహేనేళ్లలో ఏటా దాని పోషణకు ఎంత కావాలో, అది 2076లోంచా 2077లోంచా 2078లోంచా వస్తుందో రాసి, ఆర్థిక శాఖ ఒప్పుకున్నాకే సంతకం పడాలి. కొన్నప్పుడు కంపెనీ సిఫారసు చేసిన స్పేర్ల మూట కొన్నేళ్లు బండి లాగిస్తుంది, ఆ తర్వాతే అసలు ఖర్చు మొదలవుతుంది, అప్పటికి సంతకం పెట్టినవాళ్లు ఎవరూ ఆ కుర్చీలో ఉండరు. మొత్తం జీవితకాలపు ఖర్చు లెక్కకట్టి కొనాలన్న ప్రయత్నం 126 యుద్ధ విమానాల టెండరులో చేశారు, ఆ లెక్క ఎలా కట్టాలన్న వివాదం కూడా ఆ టెండరు కూలడానికి ఒక కారణమైంది. ఎవరు తక్కువ ధరవాడో తేల్చడానికి ఆ లెక్క పనికిరాకపోవచ్చు. మనకు స్తోమత ఉందా అని మనల్ని మనం అడగడానికి అది చాలు.

రెండోది డిసెంబరు కోత గురించి. స్టోర్లు, మరమ్మతుల పద్దును బడ్జెట్లో ఇచ్చినదానికంటే తగ్గించాలంటే ఆ దళపు వైస్ చీఫ్ రాతపూర్వకంగా ఒక కాగితం ఇవ్వాలి: ఈ కోత వల్ల ఫలానా ఓడలు ఇన్ని రోజులు సముద్రంలోకి వెళ్లవు, ఫలానా విమానాలు ఇన్ని గంటలు ఎగరవు అని. ఆ కాగితం పార్లమెంటు స్థాయీ సంఘానికి మూసిన తలుపుల వెనకే చేరాలి, పాకిస్థాన్‌కూ చైనాకూ తెలియనక్కర్లేదు. రహస్యం అంటారు గాని, కాగ్ మిగ్-29కే శాతాలను రెండు దశాంశాల దాకా అచ్చేసింది, ఆకాశం విరిగి పడలేదు.

డబ్బెక్కడిది అంటారా? మూడో విమానవాహక నౌక ప్రతిపాదన ఏళ్లుగా నడుస్తోంది. చైనాకు మూడున్నాయని దాన్ని సమర్థిస్తారు. విక్రాంత్ డెక్ రఫేల్-ఎంలతో నిండేదాకా, ఉన్న మరో నౌక విక్రమాదిత్య మీది మిగ్-29కేల అందుబాటు గట్టిపడేదాకా మూడోదాన్ని పక్కనపెట్టమంటాను. నేవీ మిత్రులు నొచ్చుకుంటారు. విశాఖలో ఉంటూ ఈ మాటా అని ఒకాయన నాతో మాట్లాడటం తగ్గించాడు కూడా. పక్కనపెట్టినంత మాత్రాన షిప్‌యార్డులకు పని ఉండదన్న భయం అక్కర్లేదు. హిందుస్థాన్ షిప్‌యార్డు చేతిలో ఐదు ఫ్లీట్ సపోర్ట్ నౌకల పని ఉంది, 2023లో కుదిరిన 19 వేల కోట్ల ఒప్పందం. సముద్రం మధ్యలో యుద్ధనౌకలకు ఇంధనం, మందుగుండు, సరుకులు అందించే ఓడలవి. వాటి మొదటి రీఫిట్‌కు ఏ ఏడాది ఎంత కావాలో 2077లో ఇప్పుడే రాసిపెట్టడంతో ఈ పద్ధతి మొదలుపెట్టవచ్చు.